చెంబు వంచిన చెయ్యి

గుడివాడలో అద్దె ఇల్లు దొరకడం కంటే ఉద్యోగం దొరకడం తేలిక. ఉద్యోగానికైతే ఏం చదివావని అడుగుతారు. ఇంటికైతే "మీరేమిట్లు?" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు జవాబు ఏ బి.ఇడి కాలేజీలోనూ నేర్పరు.

ప్రేమకు ఆ ప్రశ్న సత్యవతమ్మగారి వరండాలో ఎదురైంది. హెడ్మిస్ట్రెస్ పంపిన కొత్త తెలుగు టీచరని ఆవిడ కుర్చీ వేయించారు, మజ్జిగ ఇచ్చారు, మజ్జిగ సగం తాగనిచ్చి అప్పుడు నెమ్మదిగా అడిగారు. ప్రేమ గ్లాసు వంక చూస్తూ, తాతగారిది ఘంటసాల దగ్గరనీ, వ్యవసాయమనీ చెప్పింది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. తాత వ్యవసాయం చేసిన మాట నిజమే, పొలం మాత్రం ఆయనది కాదు. చెప్పని సగాన్ని సత్యవతమ్మగారు తనకు తోచినట్టు పూరించుకున్నారు. ఘంటసాల వైపంటే మనవాళ్ళేనని సంబరపడి, మేడ మీద గది తాళంచెవి ప్రేమ చేతిలో పెట్టారు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. సత్యవతమ్మగారు చెడ్డమనిషైతే ప్రేమ ఎప్పుడో ఇంకో ఇల్లు వెతుక్కునేది. కానీ ఆవిడ మంచిది. మంచివాళ్ళ దగ్గర దాపరికంతో బతకడమంత నరకం ఇంకొకటి లేదు. జ్వరం వస్తే మిరియాల చారు మేడ మీదికి వచ్చేది. కొత్తావకాయ కలిపిన రోజు మొదటి ముద్ద ప్రేమ చేతిలోనే పడేది. భర్త పోయి, ఇద్దరు కొడుకులూ హైదరాబాదులో ఉన్న ఇంట్లో ఈ పిల్ల అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు, ఆవిడకు ప్రాణం లేచొచ్చేది. మంచినీళ్ళ కొళాయి పెరట్లో ఉండేది, అక్కడికి వంటింట్లోంచి దగ్గరి దారి. పనిమనిషి బుల్లెమ్మ ఆ వంటింటి గుమ్మం తొక్కేది కాదు, సందులోంచి తిరిగి వెళ్ళేది. ప్రేమ మాత్రం రోజూ పొద్దున్నే బిందె చంకనబెట్టుకుని పొయ్యి పక్కనుంచే నడిచిపోయేది. నడిచినప్పుడల్లా దొంగసొమ్ము మోస్తున్నట్టు గుండె కొట్టుకునేది.

బైబిలు సూట్‌కేసు అడుగున, పాత దుప్పటి మడతలో ఉండేది. నుదుట స్టిక్కరు బొట్టు ఉండేది. నెలకో ఆదివారం స్నేహితురాలిని చూసొస్తానని చెప్పి మచిలీపట్నం బస్సెక్కి, తను చదువుకున్న హాస్టలు పక్కనున్న చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని వచ్చేది. సత్యవతమ్మగారు బందరు లడ్డూలు తెమ్మని డబ్బులిచ్చేవారు. ప్రార్థన అయ్యాక ప్రేమ మరిచిపోకుండా లడ్డూలు కొనేది.

ఇదంతా ఒక ఎత్తు, ఎనిమిదో తరగతి తెలుగు వాచకంలో ఉన్న ఆ పద్యం ఒక ఎత్తు.

దివిసీమలో ఒక అగ్రహారంలో స్వరాజ్యానికి ముందు ఒక అవధానిగారుండేవారు. అంటరానితనం పాపమని ఆ రోజుల్లోనే పద్యాలు రాసి సభల్లో చదివిన మనిషి. ఆయన రాసిన ఒక ఆటవెలది అటు నాగాయలంక నుంచి ఇటు గుడివాడ దాకా నోటికి రాని బడిపిల్ల లేదు.

దాహమంచు వచ్చెఁ దల్లడిల్లి పసిది
దోసిటందు గంగ దొరలె నపుడె
చెంబు వంచినట్టి చేతికే పుణ్యంబు
చిన్నదాని దప్పి చెదరిపోయె

పద్యం మంచి పద్యమే. యతి చక్కగా పడింది, ధార ఉంది. సత్యవతమ్మగారికి అది చిన్నప్పుడు వాళ్ళ నాన్న నేర్పారు. సాయంత్రాలు వరండాలో కూర్చుని రాగం తీసి పాడి, చివరి పాదం దగ్గర కొంగుతో కళ్ళు ఒత్తుకునేవారు. పాపం ఎవరి బిడ్డో అనేవారు. ఆ బిడ్డకు మనవరాలైన ప్రేమ పక్కనే కూర్చుని కాపీ పుస్తకాలు దిద్దుకుంటూ, అవునండి అనేది.

ఆ చిన్నది ఎస్తేరు, ప్రేమ అమ్మమ్మ. తల్లిని డెబ్భై ఏడు ఉప్పెన తీసుకుపోతే, రెండేళ్ళ ప్రేమను చీరకొంగుతో నడుముకు కట్టుకుని తాడిచెట్టు పట్టుకుని బతికించిందీ ఆవిడే, పరాయి చేలల్లో నాట్లు వేసి బి.ఇడి దాకా చదివించిందీ ఆవిడే. పద్యం వెనకాల సంగతి ప్రేమకు అన్నంతోపాటు పెట్టి పెంచింది. ఎస్తేరు గడ్డిమోపు దించి దాహమని అడిగిన మాట నిజం. అయితే చెంబు వంచింది అవధానిగారు కాదు, ఆయన భార్య. అవధానిగారు అరుగు మీద కూర్చుని చూశారు, అంతే. ఆవిడ గొడ్లసావిడి చూరులో దోపి ఉన్న చెంబు తీసుకొచ్చి, అరుగు మీద నిలబడి, తగలకుండా ఎత్తు నుంచి పోసింది. నీళ్ళు సగం మొహం మీద, సగం పరికిణీ మీద పడ్డాయి. గొంతులోకి పోయినవి రెండు గుక్కలు. ఆవిడ చాలా అని అడిగితే ఎస్తేరు చాలండి అంది. అని, ఊరు దాటాక పంటకాలవలో మోకాళ్ళ లోతు దిగి, గొడ్డు తాగినట్టు వంగి కడుపు నిండా తాగింది. దప్పి చెదిరింది అక్కడ. కాలవ మీద ఎవరూ పద్యం రాయలేదు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. ఉప్పెనకు కొంచెం ముందు అంకమ్మరావు అనే పార్టీ కవి నాగాయలంక వచ్చి, పద్యంలో పిల్ల ఈవిడేనని తెలుసుకుని, డప్పు మీద పాట కట్టాడు.

ఎత్తు మీద నిలిచి నీళ్ళు పోసినోడా దిగిరారా
ఎస్తేరమ్మ కొడవలెత్తె కాచుకోరా

పాట ఊళ్ళూళ్ళూ తిరిగింది. ఎస్తేరును ఆ ఏడు రెండు ఊళ్ళలో కోతలకు పిలవలేదు. కొడవలి ఎత్తేది వరి కొయ్యడానికి కాకపోతే ఎందుకమ్మా అని ఆవిడ మొత్తుకున్నా వినేదెవరు. ఆ తర్వాత తొంభైల్లో, ప్రేమ హాస్టల్లో ఉన్నప్పుడు, మచిలీపట్నం నుంచి ధనరాజు వచ్చాడు. బ్యాంకు గుమాస్తా, ఊరవతల పేటలో పుట్టినవాడే, మనసులో మంట ఉన్న కుర్రవాడు. యతులూ వద్దు డప్పులూ వద్దని ఎస్తేరే మాట్లాడుతున్నట్టు వచన కవిత రాశాడు.

ఆ చెంబు నేను విసిరేశాను
అది ఇంకా గాలిలోనే ఉంది
దిగడానికి మీ నెత్తి వెతుక్కుంటోంది

అతను చదివి వినిపించినప్పుడు ఎస్తేరు పకపకా నవ్వింది. విసిరితే మా అయ్య వీపు మీద తోలుండేదా బాబూ అంది. ధనరాజు ఆ నవ్వు గురించి కూడా ఇంకో కవిత రాశాడు. మూడు తరాల కవులు ముగ్గురూ మంచి మనసుతోనే రాశారు. ఒకాయన ఆవిడ చేత నీళ్ళు తాగించాడు, ఒకాయన కొడవలి పట్టించాడు, ఒకాయన చెంబు విసిరించాడు. కాలవ నీళ్ళ సంగతి మాత్రం ఒక్కరూ అడగలేదు.

తొంభైతొమ్మిది చలికాలంలో గుడివాడ సాహితీ సమితివారికి ఆ మూడు కవితలనూ ఒకే సభలో వినిపించాలన్న ఆలోచన వచ్చింది. ధనరాజు ప్రధాన వక్త. పద్యం పాడడానికి బడి తరఫున తెలుగు టీచరు ప్రేమ. సన్మానం సాక్షాత్తూ ఎస్తేరుకు. సభకు పెద్ద చందా సత్యవతమ్మగారిది కాబట్టి, భోజనాలు కూడా ఆవిడ ఇంట్లోనే. ఈ సంగతులన్నీ సత్యవతమ్మగారే మేడ మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ, ఆనందపడుతూ చెప్పారు. పద్యంలో బిడ్డ తన గుమ్మంలోకి వస్తుందని ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్రేమ మంచం పట్టె పట్టుకుంది.

శనివారం సెలవు పెట్టి పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళింది. అమ్మమ్మను రావద్దని చెప్పాలి. బస్సులో దారిపొడుగునా ఆ మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచించింది. సన్మానమంటే నీకు ఇష్టముండదు కదా అని మొదలుపెడదామా అనుకుంది. దూరం, నడుంనొప్పి అని చెబుదామా అనుకుంది. ఎలా తిప్పినా చివరికి ఒకే మాట దగ్గరికి వస్తోంది.

ఎస్తేరు పెరట్లో తెల్లచీర ఉతికి ఆరేస్తోంది. మనవరాలిని చూసి మొహం వెలిగిపోయింది. సభ కోసమే చీరకు నీలం పెట్టానంది. తర్వాత చీరమడత విదిలిస్తూ, అడగకుండానే అసలు సంగతి చెప్పింది.

"సన్మానం నాకెందుకే. ఆ ధనరాజుబాబు ఇంకే ఊరన్నా రానందును. గుడివాడ అన్నాడు. ఏడాదినించీ నీ ఇల్లు చూత్తానంటే ఏదో ఒకటి చెప్పి తప్పిత్తన్నావుగా. ఈ వంకన చూసిపోదారని ఒప్పుకున్నా."

ప్రేమ బస్సులో కూడబలుక్కున్నవన్నీ ఎటు పోయాయో. చీర రెండో కొస పట్టుకుని నిలబడిపోయింది. ఎస్తేరు ఆ మొహం వంక చూసింది, నుదుటి మీద బొట్టు వంక చూసింది. ఇంటివాళ్ళకు తెలియదా అని అడిగింది. ప్రేమ తల అడ్డంగా ఊపింది. తెలిస్తే ఉండనివ్వరా అని అడిగింది. ప్రేమ దానికి కూడా తలే ఊపింది. ఆ ఇల్లు పోతే ఉద్యోగం కూడా పోయినట్టేననీ, బడి కరస్పాండెంటుగారు సత్యవతమ్మగారికి స్వయానా తమ్ముడనీ చెప్పింది. రావద్దన్న మాట మాత్రం అనలేకపోయింది. ఆ ఒక్క మాటా అనడానికే అంత దూరం వచ్చింది.

ఎస్తేరు చీర అంచు లాగి సరిచేసింది. కోప్పడితే బాగుండునని ప్రేమకు అనిపించింది.

"మాటిచ్చా గదా, మానకూడదు. నిన్నెరగనట్టే ఉంటాలే. ఆళ్ళు ముగ్గురూ రాసినదాంట్లో ముగ్గురు ఎస్తేర్లుగా ఉన్నా. నీ కోసం ఇంకో ఎస్తేరుగా ఉండలేనా ఏంటి."

ఆ మాటతో ప్రేమ గుండె తేలికపడింది. తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చల్లపల్లి దాకా ఏడ్చింది.

సభ బాగానే జరిగింది. అలాంటి సభలు ఎప్పుడూ బాగానే జరుగుతాయి. ప్రేమ పద్యం రాగయుక్తంగా పాడింది, చప్పట్లు పడ్డాయి. ఎవరో డప్పు తెచ్చి అంకమ్మరావు పాట పాడారు, చప్పట్లు పడ్డాయి. ధనరాజు తన కవిత చదివి, ఒక్కో కాలంలో కవి ఎలా వివక్షను ఎదుర్కొన్నాడో, దయ ఎలా కోపమయ్యిందో, కోపం ఎలా గొంతయ్యిందో గంటసేపు వివరించాడు. బాగా మాట్లాడాడు కూడా. ఎస్తేరు వేదిక మీద శాలువా కప్పుకుని పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూస్తూ కూర్చుంది. ప్రేమ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మాటంటే మాటే ఆవిడకు.

భోజనాల దగ్గర సత్యవతమ్మగారు ఎవరికీ వంక పెట్టే వీలివ్వలేదు. సమితి పెద్దలకు లోపల హాల్లో బల్లలు వేశారు. ఎస్తేరుకు మాత్రం పెద్దావిడ, గాలి తగలాలని వరండాలో పడక్కుర్చీ, ముందు చిన్న బల్ల, దాని మీద నిండు అరిటాకు. గారెలు, పులిహోర, బొబ్బట్లు, గడ్డపెరుగు, దేనికీ లోటు లేదు. ధనరాజు లోపలికి రమ్మంటే వెళ్ళకుండా ఆవిడ పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. వడ్డించే పని ప్రేమకు పడింది. మన టీచరు చేత్తో పెడితే ఆవిడకూ తృప్తిగా ఉంటుందన్నారు సత్యవతమ్మగారు.

ప్రేమ నెయ్యి వడ్డిస్తుంటే ఎస్తేరు ఆకు మీంచి తల ఎత్తకుండా అడిగింది.

"మీరీ ఇంట్లోనే ఉంటారా టీచరుగారూ?"

"మేడ మీద గదండి."

"గాలి వత్తదా?"

"వస్తుందండి."

"ఒక్కరే ఉంటారు గావాల. తలుపు గడియ గట్టిదేనా?"

"గట్టిదేనండి."

ఎస్తేరు అన్నం కలుపుతూ మంచిదమ్మా అంది. వరండా చివర కనిపిస్తున్న మేడమెట్ల వంక ఒకసారి చూసింది. ఏడాదిగా చూడాలనుకున్న ఇంటిలో ఆవిడకు దక్కింది ఆ మెట్లే. ప్రేమ నెయ్యిగిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళి, స్టోరుగదిలో గోడకు ఆనుకుని, చీరచెంగు నోట్లో కుక్కుకుంది. ఎస్తేరును అమ్మమ్మా అని పిలవకుండా అండీ అనడం ఆమె పుట్టాక అదే మొదటిసారి.

భోజనం అయ్యాక చెయ్యి కడుక్కోవడానికి ఎస్తేరు వరండా మెట్లు దిగి వాకిట్లో నిలబడింది. అప్పుడు వచ్చింది సత్యవతమ్మగారికి ఆ ఆలోచన. చింతపండు పెట్టి తోమించి తళతళలాడుతున్న ఇత్తడి చెంబు నిండా నీళ్ళతో తెచ్చి, పత్రిక తాలూకు ఫొటోగ్రాఫరును పిలిచారు. పద్యంలో ఉన్నట్టే ఆవిడ దోసిలి పడితే నీళ్ళు పోద్దామన్నారు. యాభై అరవై ఏళ్ళ తర్వాత అదే దోసిలి, అదే చెంబు, చూసినవాళ్ళ జన్మ ధన్యమన్నారు. అందులో ఆవిడకు తప్పు ఇసుమంత కనిపించలేదు. చిన్నప్పటినుంచీ ఏ పద్యానికి కన్నీళ్ళు పెట్టుకున్నారో ఆ పద్యంలోకి నడిచి వెళ్ళే అవకాశం వచ్చింది, అంతే.

ధనరాజు చెయ్యి తుడుచుకుంటూ లేచాడు. అతని మొహం నల్లబడింది.

"వద్దండీ. గ్లాసుతో ఇద్దాం."

"పద్యంలో గ్లాసు లేదు గదయ్యా," అన్నారు సత్యవతమ్మగారు, ఎంతో సౌమ్యంగా.

లోపలి నుంచి సమితి పెద్దలంతా చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వచ్చారు. ధనరాజు గంటసేపు వివక్షను చెండాడిన మనిషే, అన్నం పెట్టిన ఇంటి ముందు ఇంకోమాట అనలేక తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. అతన్ని మాత్రం ఏమనగలం. సత్యవతమ్మగారు చెంబు తెచ్చి ప్రేమ చేతిలో పెట్టారు. పద్యం పాడిన గొంతు, పడుచు చెయ్యి, ఫొటోలో నిండుగా ఉంటుందన్నారు. ప్రేమ మీరే పొయ్యండి అంది. నా చెయ్యి వణుకుతుందమ్మా అన్నారావిడ.

అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనలేదు పెద్దలు. ప్రేమ పైమెట్టు మీద ఉంది, అమ్మమ్మ కింద వాకిట్లో. కాదంటే ఎందుకు కాదంటున్నావని అడుగుతారు. అవునంటే పొయ్యాలి. అందరూ చూస్తున్నారు. ఎవరూ చెప్పకుండానే ఎస్తేరు వంగి, రెండు చేతులూ దగ్గరికి చేర్చి, వేళ్ళ సందు లేకుండా బిగించి, నోటి దగ్గర పెట్టుకుంది. ఆ వంగడం నేర్పితే వచ్చేది కాదు. వంగుతూ ఒక్కసారి పైకి చూసింది. కానీమ్మా అన్నట్టుంది ఆ చూపు.

ప్రేమ చెంబు వంచింది.

కెమెరా వెలిగింది. నీళ్ళు ఎత్తు నుంచి పడి, సగం దోసిట్లో, సగం ఎస్తేరు మొహం మీద, నీలం పెట్టిన తెల్లచీర మీద చిందాయి. ఎస్తేరు కళ్ళు మూసుకుని గుటకలు వేస్తోంది. ముడతలు పడ్డ ఆ గడ్డం మీంచి నీళ్ళు కారుతుంటే, గడ్డిమోపు దించి నిలబడ్డ పదేళ్ళ పిల్ల ప్రేమకు కళ్ళారా కనిపించింది. అరుగు మీద నిలబడ్డ ఆవిడ కూడా కనిపించింది. ఆవిడ చెయ్యి తన చెయ్యిలాగే ఉంది.

ప్రేమ గబగబా మెట్లు దిగింది. ఎడంచేత్తో ఎస్తేరు తల వెనక పట్టుకుని చెంబు అంచు ఆవిడ పెదాలకు ఆనించింది. ఎస్తేరు ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, రెండు గుక్కలు తాగి, చెంబు మెల్లగా పక్కకు నెట్టింది.

"చాలు టీచరుగారూ."

చప్పట్లు మోగాయి. సమితి అధ్యక్షుడు, ఇదీ నేటి తరం కవిత్వమని అక్కడికక్కడే ప్రకటించాడు. ఫొటోగ్రాఫరు మాత్రం ఇందాకటిదే బాగా వచ్చింది మేడం అన్నాడు. ధనరాజు ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి కారు తలుపు తీశాడు. ఎస్తేరు సత్యవతమ్మగారికి దండం పెట్టి, ప్రేమకు అంతకంటే కొంచెం వంగి దండం పెట్టి, కారెక్కింది.

దీపాలవేళ ప్రేమ వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే సత్యవతమ్మగారు వచ్చారు. అలసిపోయి ఉన్నారు, తృప్తిగా ఉన్నారు. ప్రేమ భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగారు.

"తల్లీ, ఆ చెంబు నీ చేత్తోనే బయట పెట్టెయ్. మూతి ఆనింది గదా, ఇంక లోపల వాడుకోలేం. నువ్వు కూడా ఒక్కసారి తలకి పోసుకుని రా. సభ కోసం చేశావు, బాగా చేశావు. ఇంట్లో దేవుడున్నాడు గదమ్మా."

ఆ మాటల్లో విషం లేదు. కొత్తావకాయ ముద్ద పెట్టినప్పుడు ఎంత ప్రేమగా అన్నారో ఇప్పుడూ అంత ప్రేమగానే అన్నారు. ప్రేమ చేతిలో గిన్నె కింద పెట్టింది. పొద్దుటినుంచి మింగలేక కక్కలేక ఉన్న మాట దానంతటదే బయటికొచ్చింది.

"ఆవిడ మా అమ్మమ్మండి. మా అమ్మని కన్నది. నన్ను పెంచింది."

సత్యవతమ్మగారు పీట లాక్కుని కూర్చున్నారు. ఆవిడ కళ్ళు వంటింట్లో ఒక్కొక్క వస్తువు మీదికీ వెళ్ళాయి. ఆవకాయ జాడీ, పెరుగుకుండ, ప్రేమ రోజూ బిందెతో నడిచిన గచ్చు. కోపం రాలేదు ఆవిడకు. ఆవిడ మొహంలో ఉన్నది దిగులు, అచ్చంగా ఇంట్లో మనిషి పోయినప్పటి దిగులు.

"ఎందుకు చెప్పావమ్మా నాకు? చెప్పకపోతే ఇద్దరం బాగుండేవాళ్ళం గదా."

ప్రేమ ఆ రాత్రే సూట్‌కేసు సర్దుకుంది. బైబిలు అడుగున కాకుండా పైన పెట్టింది. పొమ్మంటే పోవడమే గదా అనుకుంటే భయం బదులు ఏదో హాయిగా ఉంది. తెల్లవారితే నాగాయలంక బస్సెక్కొచ్చు. ఉద్యోగం పోతే నాట్లు వేసుకుని బతకొచ్చు. ఎన్నాళ్ళకో ఆమెకు ఒళ్ళెరగని నిద్ర పట్టింది.

పొద్దున పత్రిక వచ్చింది. జిల్లా పేజీలో సగం ఫొటోయే. పైమెట్టు మీద ప్రేమ, కింద వంగిన ఎస్తేరు, మధ్యలో మెరుస్తున్న నీళ్ళ ధార. కింద పెద్దక్షరాలతో పద్యం మూడో పాదం, చెంబు వంచినట్టి చేతికే పుణ్యంబు. ఆ కింద సత్యవతమ్మగారి పేరు, ఆవిడ ఔదార్యం, ఆవిడ ఇంటి వీధి పేరుతో సహా. తొమ్మిది కాకముందే ఇరుగుపొరుగు వచ్చి అభినందించడం మొదలుపెట్టారు. కరస్పాండెంటుగారు స్వయంగా వచ్చి, అక్కగారికి పూలదండ వేసి, ఫొటోకు ఫ్రేము కట్టించి ఒకటి బడిలో ఒకటి ఇక్కడ వరండాలో పెట్టిస్తానన్నారు. మా ప్రేమ టీచరు బడికే వన్నె తెచ్చిందన్నారు. సూట్‌కేసుతో మెట్లు దిగుతున్న ప్రేమను ఊరెళ్తున్నావా, సోమవారానికి వచ్చెయ్యాలి, పిల్లలు నీకు సన్మానం చేస్తారట అన్నారు.

అందరూ వెళ్ళాక సత్యవతమ్మగారూ ప్రేమా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు పొమ్మంటే ఎందుకు పొమ్మన్నావని ఊరు అడుగుతుంది. పోతే ఎందుకు పోయావని అడుగుతుంది. ఏ కారణం చెప్పినా చివరికి ఒకే చోటికి వస్తుంది. ఆ ఒక్క మాటా బయటపడితే ఇంటి పరువు, వంటింటి మడి, తమ్ముడి బడి, దండ, ఫ్రేము, అన్నీ నవ్వులపాలు.

"ఎవరితో అనకు. నేనూ అనను. ఉండమ్మా," అన్నారు సత్యవతమ్మగారు నేల చూస్తూ. ఆవిడ గొంతు అంత ముసలిగా వినపడడం అదే మొదలు.

ప్రేమ పోవాలనే అనుకుంది. ఆ వారం బందరు, పెడన, పామర్రు, అన్నిచోట్లా బళ్ళకు ఉత్తరాలు రాసింది. రెండు చోట్ల నుంచి రమ్మన్నారు. వెళ్తే మొదట ఆ ఫొటో సంగతే ఎత్తి మెచ్చుకున్నారు, తర్వాత ఇల్లు చూపిస్తామన్నారు, ఇల్లు చూపించినవాళ్ళు కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చి, మజ్జిగ సగం తాగాక ఆ ప్రశ్న అడిగారు. ప్రేమ గ్లాసు కింద పెట్టి, తిరిగి గుడివాడ బస్సెక్కింది. అమ్మమ్మకు మాత్రం ఆ ఫొటో చూపించలేదు. ధనరాజు చూపించే ఉంటాడు.

ఆ ఇంట్లో పైకి ఏమీ మారలేదు. వరండాలో ఫ్రేము వెలిసింది. దారినపోయేవాళ్ళు లోపలికి వచ్చి చూసి, ప్రేమకు నమస్కారం పెట్టి వెళ్ళేవారు. బడిలో ప్రేమ ఎనిమిదో తరగతికి ఆ పద్యం మళ్ళీ చెప్పింది, పిల్లలు పద్యం వంకా గోడ మీది ఫొటో వంకా మార్చి మార్చి చూశారు. సత్యవతమ్మగారు సాయంత్రాలు వరండాలో కూర్చోవడం మానేశారు. మిరియాల చారు రాలేదు, ఆవకాయ రాలేదు. వంటింటి తలుపుకు లోపలినుంచి గడియ పడింది. ప్రేమ పొద్దున్నే బిందె తీసుకుని బుల్లెమ్మ తిరిగే సందులోంచి పెరటి వైపు వెళ్ళబోతే, ఆవిడ కంగారుగా అడ్డొచ్చారు. కొళాయి దగ్గరికి వద్దమ్మా, ఎవరన్నా చూస్తే నువ్వెందుకు సందులోంచి వెళ్తున్నావని అడుగుతారు, నేనే తెచ్చి పోస్తాను అన్నారు.

అప్పటినుంచి అదే ఏర్పాటు. పొద్దున్నే వీధి ఇంకా మేలుకోకముందు, ప్రేమ వరండా మెట్ల కింద బిందె పెట్టుకుని నిలబడుతుంది. సత్యవతమ్మగారు బకెట్టు మోసుకుంటూ వస్తారు. మోకాళ్ళ నొప్పి మనిషి, ఒక్కో అడుగుకీ ఆయాసం. పైమెట్టు మీద ఆగి, బకెట్టు అంచు బిందెకు తగలకుండా ఎత్తి పట్టుకుని, జాగ్రత్తగా వంచుతారు. సగం నీళ్ళు బిందెలో పడతాయి, సగం ప్రేమ కాళ్ళ మీద. వెనక గోడ మీద ఫ్రేములో ప్రేమ అదే మెట్టు మీద చెంబు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంటుంది.

"చాలా అమ్మా?" అని అడుగుతారు సత్యవతమ్మగారు, మొహం పక్కకు తిప్పుకుని.

"చాలండి," అంటుంది ప్రేమ.